మాటల బుడగ

బొమ్మల కథలో పాత్ర పలికే మాటల చుట్టూ గీసే గీతే మాటల బుడగ. మాట ఎవరిదో దాని తోక చెబుతుంది: కొస ఎవరి నోటివైపు తిరిగితే మాట వాళ్లది. తోకకు బదులు చిన్న చిన్న సున్నాలు వరుసగా ఉంటే అది మనసులోని ఆలోచన. అంచు ముళ్లు ముళ్లుగా ఉంటే అరుపు, చుక్కల గీతైతే గుసగుస. తోక లేని నలుచదరపు పెట్టెలో కథకుడు మాట్లాడతాడు. ఒకే గడిలో రెండు బుడగలుంటే పైనున్నది ముందు. రెండూ ఒకే ఎత్తులో ఉంటే ఎడమది ముందు.

అమెరికాలో రిచర్డ్ అవుట్‌కాల్ట్ 1896లో ‘ఎల్లో కిడ్’ బొమ్మల్లో ఈ పద్ధతి వాడాడు. మన దేశంలో అనంత్ పాయ్ 1967లో మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ దీన్ని ఇంటింటికీ చేర్చింది. పిల్లల మాసపత్రిక చందమామ దారి వేరుగా ఉండేది. అందులో బేతాళ కథల బొమ్మ బొమ్మే, మాట మాటే.

తెలుగులో అసలు చిక్కు అక్షరాలతో వస్తుంది. ఇంగ్లిషు కొలతకు గీసిన బుడగలో పై వరుసన ‘అస్త్రం’, దాని కింద ‘తీసుకో’ పడితే ‘స్త్ర’ ఒత్తులు వెళ్లి కింది వరుస అక్షరాలకు తగులుతాయి. అక్షరం చిన్నది చేస్తే పిల్లలు చదవలేరు. బుడగ పెంచితే బొమ్మ కప్పుకుపోతుంది. సంభాషణను కుదించడమే మేలైన మార్గం.