దశబంధం చేను, గిఫ్ట్ ఎయిడ్

ఆళ్లగడ్డకి దగ్గర్లో ఉన్న మా ఊళ్లో ఒక చేనుని ఇప్పటికీ దశబంధం చేను అంటారు. ఆ పేరుకి అర్థమేమిటని చిన్నప్పుడు నేనెప్పుడూ అడగలేదు. బావి చేను, గుడి మాన్యం, చింతమాను మడి లాగే అదీ ఒక పేరనుకున్నాను. ఆ పేరులో ఒక పన్ను నిబంధన దాగి ఉందని తెలియడానికి నేను ఇంగ్లండులో పద్దెనిమిదేళ్లు పన్ను కట్టాల్సి వచ్చింది.

ఊరి బడికి ఏటా కొంత డబ్బు పంపుతుంటాను. మొదట మంచినీళ్ల ట్యాంకుకి, తర్వాత మరుగుదొడ్లకి, ఆ తర్వాత పదో తరగతి పిల్లల సాయంత్రం క్లాసులకి. డబ్బు చిన్నాయన ఖాతాలో వేస్తాను. ఆయన ఖర్చుపెట్టి, లెక్క కాయితం మీద రాసి, ఫోటో తీసి పంపుతాడు. ఒకరోజు ఆఫీసులో భోజనాల దగ్గర ఈ మాట వచ్చింది. లెక్కలు చూసే సహోద్యోగి ఒకాయన, "గిఫ్ట్ ఎయిడ్ తీసుకుంటున్నావు కదా?" అన్నాడు. లేదన్నాను. "అయితే నువ్విచ్చిన ప్రతి వందకీ ఇంకో పాతిక మీ బడికి రాకుండా పోయింది" అన్నాడు.

ఆ పాతిక ఎక్కణ్ణుంచి వస్తుందో ముందు చెప్పాలి. బ్రిటన్‌లో ఆదాయపు పన్ను బేసిక్ రేటు 20 శాతం. నా చేతిలో వంద పౌండ్లు ఉన్నాయంటే, నేను 125 సంపాదించి అందులో 25 పన్ను కట్టానని లెక్క. ఆ వంద ఒక ధార్మిక సంస్థకి ఇచ్చి, నేను పన్ను కడుతున్నవాణ్ణేనని ఒక డిక్లరేషన్ మీద సంతకం పెడితే, ఆ 25ని సంస్థే పన్నుల శాఖ దగ్గర్నుంచి రాబట్టుకుంటుంది. 40 శాతం కట్టేవాడైతే మిగిలిన తేడా, అంటే ఇంకో 25 పౌండ్లు, తన సొంత పన్నులో తగ్గించుకోవచ్చు. అతని జేబులోంచి చివరికి పోయేది 75, సంస్థకి చేరేది 125.

అయితే మా సహోద్యోగి మాటలో ఒక పొరపాటుంది. ఆ పాతిక నాకెప్పుడూ వచ్చేది కాదు. సంస్థ బ్రిటన్‌దై ఉండాలి. కొన్నేళ్లపాటు ఐరోపా దేశాల సంస్థల్ని కూడా ఒప్పుకున్నారు గానీ, 2024 ఏప్రిల్ నుంచి అదీ లేదు. భారతదేశంలోని సంస్థలకి ఆ వెసులుబాటు ఎప్పుడూ లేదు. ఇక చిన్నాయన బ్యాంకు ఖాతా ఏ లెక్కలోకీ రాదు. బ్రిటన్ సంస్థకిస్తే ఆ సంస్థ ఆళ్లగడ్డలో ఖర్చు పెట్టవచ్చు. కాకపోతే ఆ డబ్బు నిజంగా ధర్మకార్యానికే పోయిందని తగిన జాగ్రత్తలు తీసుకున్నట్టు అది చూపించుకోవాలి.

ఇదంతా ఫోనులో చిన్నాయనకి చెప్పాను. ఆయన ముప్పయ్యేళ్లు రెవెన్యూ శాఖలో చేసి రిటైరైన మనిషి. శ్రద్ధగా విని, "అంటే సర్కారు తనకి రావాల్సిన భాగాన్ని బడికి వదులుకుంటుంది. అంతే గదప్పా?" అన్నాడు.

"అంతే చిన్నాయనా."

"ఇదేమన్నా కొత్తదా? మన దశబంధం చేను ఏమనుకున్యావు మరి?"

ఆయన చెప్పింది విన్నాక పుస్తకాలు కూడా తిరగేశాను. రాయలసీమలో ఎవరైనా సొంత ఖర్చుతో చెరువో బావో తవ్వించినా, తెగిన కట్ట వేయించినా, అతనికి కొంత భూమి శిస్తు లేకుండానో, తక్కువ శిస్తుకో ఇచ్చేవారు. అదే దశబంధం. దశ అంటే పది. ఆదాయంలో పదోవంతు వదిలిపెట్టడం మీద వచ్చిన పేరు. కడప, కర్నూలు సీమల్లో ఈ మాన్యాలు లెక్కకి మించి ఉండేవి. రాజుకిందులో నష్టం లేదు. చెరువు కింద మెట్ట మాగాణి అవుతుంది. మాగాణి శిస్తు మెట్ట శిస్తుకంటే ఎక్కువ. ఒకడికి వదిలింది పదిమంది దగ్గర తిరిగొస్తుంది. దీనికొక షరతు కూడా ఉంది: చెరువు మరమ్మతు మాన్యందారుడే చూసుకోవాలి. చూడకపోతే మాన్యం పోతుంది.

మాన్యం అనగానే రాజు భూమిని దానమిచ్చాడనుకుంటాం. చాలా మాన్యాల్లో రాజు ఇచ్చింది భూమి కాదు, ఆ భూమి మీద తనకి రావాల్సిన మేలువారం. దున్నుకునేవాడి కుడివారం వాడిదే. గుడికి, చలివేంద్రానికి, సత్రానికి పోయేది రాజు భాగం. గిఫ్ట్ ఎయిడ్‌లో పాతిక పౌండ్లు కూడా అలాంటి మేలువారమే. నా వంద నాది. పాతిక రాజుది. రాజు దాన్ని ఖజానాకి బదులు నేను చూపించిన చోటికి పంపుతున్నాడు.

ఇక్కడ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఫ్రెంచి యుద్ధాల ఖర్చు కోసం విలియం పిట్ బ్రిటన్‌లో మొదటిసారి ఆదాయపు పన్ను వేసింది 1799లో. ఆ మొదటి చట్టంలోనే ధార్మిక సంస్థల ఆదాయానికి మినహాయింపు ఉంది. మరుసటి ఏడాది, 1800లో, నిజాం మన సీమని ఈస్టిండియా కంపెనీకి అప్పజెప్పాడు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా శిస్తులు కట్టాడు. లండన్‌లో ధర్మానికి పన్ను వదిలిన రోజుల్లోనే, అదే దేశం వాళ్లు ఇక్కడ ఎవరెవరికి శిస్తు వదిలి ఉందో, ఏ ఆధారంతో వదిలి ఉందో లెక్కలు తియ్యడం మొదలుపెట్టారు. అక్కడ మినహాయింపు చట్టం. ఇక్కడ మినహాయింపు అనుమానం.

ఆ అనుమానం ఎంతదూరం పోయిందో మా పక్కనే ఉన్న ఉయ్యాలవాడని అడిగితే చెబుతుంది. 1846లో నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. ఆయనకి రావాల్సిన పెన్షన్ తగాదా ఒకటుంది. ఆయన వెనక నడిచినవాళ్లలో చాలామంది కట్టుబడులు, అంటే ఊరి కాపలాకి బదులుగా మాన్యం తినేవాళ్లు. ఆ మాన్యాల్ని కంపెనీ వెనక్కి తీసుకోవడం వాళ్లని ఆయన వెనక నిలబెట్టింది. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయన్ని ఉరితీశారు. కట్టుబడి మాన్యం దానం కాదు, పనికి జీతం. అయినా వదిలిన శిస్తుని తిరిగి లాక్కుంటే ఏమవుతుందో సర్కారుకి తెలిసొచ్చింది.

1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఊరూరా పత్రాలు చూసి, దేవదాయం, ధర్మదాయం కింద ఉన్నవాటిని, ఆ సేవ జరిగినంతకాలం ఉంచారు. సొంత అనుభవంలో ఉన్న ఇనాములకి కొద్దిపాటి జోడి కట్టించుకుని హక్కు ఇచ్చారు. పత్రం చూపించగలిగినవాడు, లేదా ఎన్నేళ్లుగానో అనుభవంలో ఉందని రుజువు చేసుకున్నవాడు నిలబడ్డాడు.

పత్రం సంగతి వస్తే నాకు గుర్తొచ్చేది అదే ఉయ్యాలవాడకి చెందిన బుడ్డా వెంగళరెడ్డి. 1866 కరువులో ఆయన తన గాదెలు తెరిచి వేలమందికి నెలల తరబడి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఆయన మీద కట్టిన పాటని మా జేజి తరం వాళ్లు పాడుకునేవాళ్లు. పతకం వచ్చింది గానీ, దానం చేసినందుకు శిస్తు తగ్గించే పద్ధతి రైత్వారీలో లేదు. పంట పోతే మాఫీ ఉంటుంది, పండింది పంచిపెడితే ఉండదు. ఆశ్చర్యమేమిటంటే, వెంగళరెడ్డి ఈరోజు లండన్‌లో ఉండి అదే పని చేసినా గిఫ్ట్ ఎయిడ్ రాదు. ఆయనిచ్చింది ధాన్యం, డబ్బు కాదు. ఇచ్చింది ఆకలిగొన్న మనుషులకి, సంస్థకి కాదు. డిక్లరేషన్ లేదు. చట్టం చూసేది దానాన్ని కాదు, దానం నడిచిన దారిని.

అదే కాలంలో ఎదురు దిశలో కూడా డబ్బు నడిచింది. 19వ శతాబ్దం రెండో సగంలో ఎస్.పి.జి. మిషన్ ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాలలో బళ్లూ గుళ్లూ కట్టింది. 1701లో లండన్‌లో పుట్టిన సంస్థ అది. దాన్ని నడిపింది ఇంగ్లండులోని చందాదార్లు. నంద్యాల ఎస్.పి.జి. హైస్కూలు పేరులో ఆ జ్ఞాపకం ఇంకా ఉంది. ఊరి బడిలోకి అడుగు పెట్టనివ్వని మాల మాదిగ పిల్లలకి అక్షరం దొరికిన చోట్లు ఆ మిషన్ బళ్లు. అలాంటి దూరదేశపు పనికి బ్రిటన్ పన్ను వదలాలా అన్న తగాదా అక్కడ హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 1813లో ఒకావిడ భూములు రాసిచ్చి, వాటి ఆదాయంలో సగం మొరేవియన్ మిషనరీల పనికి పోవాలంది. పన్నుల వాళ్లు ఏళ్లపాటు మినహాయింపు ఇచ్చి, 1886లో ఆపేశారు. ధర్మమంటే బీదల్ని ఆదుకోవడమే, పరదేశాల్లో మతప్రచారం కాదు అని వాళ్ల వాదన. 1891లో పెమ్సెల్ కేసుగా పేరుపడ్డ తీర్పులో సర్కారు ఓడిపోయింది. పేదరిక నివారణ, విద్య, మతం, సమాజానికి మేలు చేసే ఇతర పనులు అని లార్డ్ మెక్నాటెన్ నాలుగు గదులు గీశాడు. వందేళ్లకి పైగా ఆ గదుల్లోనే వ్యవహారం నడిచింది. 2006 చట్టంలో అవి పదమూడయ్యాయి.

ఒక సంగతి గమనించాలి. ఈ మినహాయింపులన్నీ సంస్థ ఆదాయానికే, ఇచ్చేవాడికి కాదు. 1863లో గ్లాడ్‌స్టన్ వీటిని తీసెయ్యబోయాడు. పన్ను మినహాయింపంటే మిగతా పౌరుల దగ్గర్నుంచి తీసి ఇవ్వడమేనని ఆయన మాట. గొడవ కాగానే వెనక్కి తగ్గాడు. ఇచ్చేవాడి చందాకి పన్ను కలిసిరావడం 1920ల తర్వాతి మాట. ఏడేళ్లపాటు ఏటా ఇంత ఇస్తానని ఒప్పంద పత్రం రాస్తే ఆ మొత్తం మీద పన్ను సంస్థకి తిరిగొచ్చేది. 1980లో ఏడేళ్లు నాలుగుకి తగ్గింది. ఒక్కసారి ఇచ్చినా చాలనే గిఫ్ట్ ఎయిడ్ 1990 అక్టోబరులో వచ్చింది. అప్పుడు కనీసం 600 పౌండ్లు ఇవ్వాలి. 2000 ఏప్రిల్‌లో ఆ హద్దు తీసేశారు. ఇప్పుడు ఒక పౌండు ఇచ్చినా పావు పౌండు కలుస్తుంది.

గ్లాడ్‌స్టన్ ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. నాకు తెలిసిన ఒకమ్మాయి నంద్యాల నుంచి చదువుకోవడానికి వచ్చింది. వారానికి కొన్ని గంటలు వృద్ధాశ్రమంలో పని చేస్తుంది. పన్ను పడేంత ఆదాయం లేదు. ఆమె ఇచ్చే పది పౌండ్లు పదిగానే ఉంటాయి. డిక్లరేషన్‌లో పొరపాటున సంతకం పెడితే, ఆ రెండున్నర పౌండ్లు పన్నుల శాఖ ఆమెనే కట్టమంటుంది. పెద్ద జీతగాడి పదికి మాత్రం రాజు భాగం తోడవుతుంది. చెరువు తవ్వించినవాడికి దశబంధం వచ్చింది, తట్టలో మన్ను మోసినవాళ్లకి కూలి తప్ప ఏమీ రాలేదు. అదీ ఇలాంటిదే.

ఇటువైపు నిబంధనలూ తక్కువేం కాదు. బ్రిటన్ సంస్థ నుంచి వచ్చే డబ్బు తీసుకోవాలంటే మన దగ్గరి ట్రస్టుకి విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. అక్కణ్ణుంచే ఆళ్లగడ్డకి. నాది ఇంకా భారత పాస్‌పోర్టే కాబట్టి నా సొంత కష్టార్జితం బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు మార్చుకున్న మా స్నేహితుడిది, అదే ఊరివాడిది, అదే బడికిచ్చినా విదేశీ విరాళమే.

నేనిప్పుడు రెండు దారుల్లోనూ ఇస్తున్నాను. పెద్ద మొత్తం ఇక్కడి ఒక సంస్థకి, డిక్లరేషన్‌తో సహా. అది మా బడికి కాదు, మన జిల్లాల్లో అది నడిపే బళ్లకి పోతుంది. చిన్న మొత్తం చిన్నాయనకి, రాయితీ లేకుండా. సాయంత్రం క్లాసుకి వచ్చే పిల్లలకి గుగ్గిళ్లు పెట్టడానికి రసీదు అడగబుద్ధి కాదు. కానీ పక్కవాడి పన్నులోంచి కూడా కొంత కలుస్తున్నప్పుడు, ఎక్కడ పెట్టావని సర్కారు అడిగితే దానికి ఆ హక్కుంది.

మొన్న వెళ్లినప్పుడు చిన్నాయనతో కలిసి దశబంధం చేను దాకా నడిచాను. 1956 ఇనాం రద్దు చట్టం తర్వాత అలాంటి మాన్యాలన్నీ మామూలు రైత్వారీ పట్టాలైపోయాయి. చెరువు కట్ట మధ్యలో తెగి ఉంది, లోపల సర్కారు తుమ్మ మొలిచింది. ఫోనులో డిక్లరేషన్ తీసి చిన్నాయనకి తెలుగులో చదివి వినిపించాను. నేను కట్టిన పన్ను సంస్థలు రాబట్టుకునేదానికి చాలకపోతే ఆ తేడా నేనే కట్టాలి అని ఉంటుంది అందులో.

"రెండూ షరతు కాయితాలే గదప్పా" అన్నాడాయన. కాసేపు కట్ట వైపు చూసి, "ఈ గండి పూడ్చాలంటే ఎంతవుతుందో కనుక్కుంటా ఉండు" అన్నాడు.