బీగంచెవి ఎవరి చేతిలో? మెకంజీ పెట్టెల నుంచి మన సంఘం ఫోల్డర్ల దాకా

 ఇది కొంచెం పొడుగు రాత, తీరిగ్గా చదవండి. నేను చదువుకున్నది తమిళ మీడియంలో. తెలుగు అక్షరాలు ఇంట్లో మా అమ్మ నేర్పించింది. కాబట్టి నా భాష ఇంటి భాషగానే ఉంటుంది.

ఈసారి సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం వస్తోంది. సంఘం రికార్డులన్నీ ఆన్‌లైన్‌లో పెట్టాలా, పెడితే ఎవరెవరికి ఏది తెరిచే హక్కు ఉండాలి అని. మన గ్రూపులో అప్పుడే రెండు పక్షాలయ్యాయి. పిల్లకాయలు అంతా ఒకే చోట వేసి అందరికీ లింకు ఇచ్చేద్దాం అంటున్నారు. పెద్దవాళ్ళు ఎప్పటిలాగా సెక్రటరీ దగ్గరే ఉండనీ అంటున్నారు. ఇది కంప్యూటరు వచ్చాక పుట్టిన తగువు అనుకోకండి. 200 ఏళ్ళ కిందట మన తెలుగువాళ్ళే ఇందులో పడి నలిగారు. ఆ చరిత్ర తెలుసుకుని చెయ్యి ఎత్తుదాం.

ముందు ఊరి కరణం సంగతి. ఇక్కడ తమిళంలో కణక్కుపిళ్ళై అంటారు. ఊరి భూమి లెక్క, పన్ను లెక్క, మాన్యాల లెక్క ఆయన దగ్గరే ఉండేది. తెలుగు సీమలో ఆ పాత కట్టలను కవిలెలు, దండకవిలెలు అనేవాళ్ళు. రికార్డు ఊరిది, పెట్టె మాత్రం కరణం ఇంట్లోది. పని తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది, పెట్టె కూడా అట్లాగే వచ్చేది. దానివల్ల ఒక మేలు ఉంది: తరతరాలు ఆ కాగితాలను కాపాడేందుకు ఒక ఇల్లు ఉండేది. కీడు కూడా ఉంది: ఆ ఇంటివాళ్ళకు కోపం వస్తే ఊరికి తన లెక్క తనకే కనబడదు. తమిళనాడులో ఈ వంశపారంపర్య గ్రామాధికారుల పదవులు 1980 నవంబరులో రద్దయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయ్యాయి. మన సంఘంలో సెక్రటరీ దగ్గరే ఉండనీ అనేవాళ్ళు అడుగుతున్నది ఈ కరణం పద్ధతినే. మంచి కరణం ఉన్నన్నాళ్ళు అది మంచి పద్ధతే.

ఇప్పుడు మెకంజీ కథకు వద్దాం. కాలిన్ మెకంజీ స్కాట్లండు దేశస్థుడు. 1783లో మద్రాసులో దిగాడు. కంపెనీ సైన్యంలో ఇంజనీరు, తర్వాత సర్వేయరు. ఆయనకు దక్షిణదేశపు భాషలు రావు. ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య 1796లో ఆయనకు చెయ్యి అందించాడు. ఈ దేశపు విద్యలోకి వాకిలి తెరిచింది బొర్రయ్యే అని మెకంజీ తరువాత తానే రాసుకున్నాడు. 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే పోతే, తమ్ముడు లక్ష్మయ్య పని అందుకున్నాడు. ఇంకొక తమ్ముడు రామస్వామి కూడా అందులో ఉన్నాడు. ఈయనే 1829లో దక్కన్ కవుల చరిత్రలు ఇంగ్లీషులో అచ్చు వేయించాడు.

వీళ్ళు పని చేసిన తీరు చూడండి. తెలుగు, తమిళం, కన్నడం, మరాఠీ, ఒక్కో భాషకు తెలిసిన మనుషులు. వాళ్ళు ఊళ్ళమీద తిరిగి, కరణాలను బతిమాలి, గుళ్ళలో శాసనాలు చూసి నకళ్ళు రాసుకునేవాళ్ళు. ఎక్కడ తిరిగారు, ఎవరిని కలిశారు, ఏం దొరికింది, ఎవరు ఇవ్వనన్నారు అని రిపోర్టులు పంపేవాళ్ళు. అవి లక్ష్మయ్య దగ్గర కూడేవి. ఈనాటి మాటలో చెప్పాలంటే, వేరువేరు చోట్ల పనిచేసే ఒక టీము, ఒకటే భోషాణం. మనం ఇవాళ కైఫీయతులు అని చదివే గ్రామ చరిత్రలు ఇట్లా సేకరించినవే. కడప, నెల్లూరు, గుంటూరు జిల్లాల వాళ్ళు ఎవరైనా తమ ఊరి చరిత్ర రాయాలంటే మొదట చూసేది వాటినే.

మెకంజీ 1815లో ఇండియా మొత్తానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు, కలకత్తా వెళ్ళాడు. పెట్టెలూ వెళ్ళాయి, లక్ష్మయ్య కూడా వెళ్ళాడు. 1821 మేలో మెకంజీ పోయాడు. ఇక్కడే మనకు పాఠం. అన్నేళ్ళు అంతమంది కూడబెట్టింది చట్టం కంటికి ఒక్క మనిషి ఆస్తి. ఆయన భార్య నుంచి కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది. 1828లో విల్సన్ వేసిన జాబితాలో గ్రంథాలు 1,568, స్థానిక చరిత్రలు 2,070, శాసనాల నకళ్ళు 8,076, నాణేలు 6,218 ఉన్నాయి. తర్వాత ఆ సరుకు మూడు చోట్లకు చీలింది. కొంత లండనుకు, కొంత కలకత్తాలో, దక్షిణ భాషల పుస్తకాలు మద్రాసుకు.

1830ల్లో లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నాడు, ఆ పని నేను కొనసాగిస్తాను, అనుమతి ఇవ్వండి అని. కలకత్తా ఏషియాటిక్ సొసైటీని అభిప్రాయం అడిగారు. జేమ్స్ ప్రిన్సెప్ ఒప్పుకోలేదు. నాయకత్వం చేసే స్థాయి లక్ష్మయ్యకు లేదని తేల్చారు. పని రెవరెండ్ విలియం టేలర్‌కు ఇచ్చారు. అప్పటికే కొన్ని పుస్తకాలు పురుగు తిని, సిరా మాసిపోయి ఉంటే టేలర్ మళ్ళీ రాయించాల్సి వచ్చింది. ఏళ్ళ తరబడి పెట్టెలు నింపినవాడికి బీగంచెవి దక్కలేదు. ఏ కట్ట ఎక్కడిది, ఏ ఊరి కరణం ఏం చెప్పాడు అన్నది అతని తలలో ఉంది. ఆ తల పక్కనబెట్టి పెట్టెలు మాత్రం ఉంచుకున్నారు.

తెలుగు అదృష్టం కొద్దీ సి.పి. బ్రౌన్ వచ్చాడు. ఆయన చేసిన పెద్ద పని, ఒక్క ప్రతిని నమ్ముకోకపోవడం. సొంత డబ్బు పెట్టి, కడపలో పండితులను, రాయసగాళ్ళను కూర్చోబెట్టి నకళ్ళు రాయించాడు. 1830ల్లో సెలవుమీద ఇంగ్లండు పోయినప్పుడు, అక్కడ కంపెనీ లైబ్రరీలో దిక్కులేక పడి ఉన్న దక్షిణదేశపు ప్రతులను చూసి, వాటిని మద్రాసుకు తిరిగి పంపేట్టు చేశాడు. మెకంజీ సేకరణలో మద్రాసుకు వచ్చిన భాగం, ఇండియా హౌస్ నుంచి తిరిగొచ్చిన ప్రతులు, బ్రౌన్ సొంత సేకరణ, ఈ మూడూ కలిసి చెన్నైలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి పునాది అయ్యాయి. మనం ఉండే ఊళ్ళోనే తెలుగు చరిత్ర ఇంత ఉందంటే కారణం ఇదీ.

రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాణ్ణి కాబట్టి మా ఇంటి ఉదాహరణ ఒకటి చెప్పకుండా ఉండలేను. సింగిల్ లైనులో రెండు స్టేషన్ల మధ్య ఒక్క బండే ఉండాలి. పాతకాలంలో దానికి రెండు స్టేషన్లలోనూ టోకెన్ యంత్రాలు ఉండేవి, కరెంటుతో ఒకదానికొకటి ముడి. అవతలి మాస్టరు సహకరించకుండా ఇవతల గుండు బయటికి రాదు. ఒక గుండు బయట ఉంటే రెండోది ఏ పక్కా రాదు. అది చేతికి అందకుండా డ్రైవరు బండి కదల్చడు. మాస్టర్లు ఇద్దరూ ఫోనులో ప్రైవేటు నంబరు ఇచ్చిపుచ్చుకుని, ఎవరి రిజిస్టరులో వాళ్ళు టైముతో సహా రాసుకుంటారు. ఎవరిమీద ఎవరికీ అపనమ్మకం ఉండి పెట్టింది కాదు ఇది. మనిషికి నిద్ర వస్తుంది, మరుపు వస్తుంది, బదిలీ వస్తుంది. అందుకని పద్ధతి పెట్టారు. బదిలీ అయితే చార్జి లిస్టు రాసి, బీగంచెవులు లెక్కబెట్టి, ఇద్దరూ సంతకం పెట్టాకే కుర్చీ మారుతుంది.

ఇప్పుడు మన సంఘానికి వద్దాం. మినిట్స్ పుస్తకం ఒక ఇంట్లో, రసీదు పుస్తకాలు ఇంకో ఇంట్లో, మెంబర్ల జాబితా ఒకరి ల్యాప్‌టాప్‌లో, పాత ఫొటోలు ఎవరి ఫోన్లో ఉన్నాయో వాళ్ళకే తెలియదు. గూగుల్ డ్రైవ్‌లో మామూలు ఖాతా కింద ఫైలు తయారు చేస్తే, ఎంతమందికి షేర్ చేసినా అది ఆ ఖాతా మనిషిదే. రెండేళ్ళు వాడకుండా ఉన్న సొంత ఖాతాలను తీసేసే నియమం 2023 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. మెకంజీ పోయినప్పుడు పెట్టెలకు పట్టిన గతే ఇది. టీము పేరున ఉండే షేర్డ్ డ్రైవ్ అయితే మనిషి వెళ్ళిపోయినా ఫైలు ఉంటుంది. లాభాపేక్ష లేని సంస్థలకు దాన్ని ఉచితంగా ఇచ్చే పథకం ఉంది. రిజిస్ట్రేషన్ కాగితాలు పెట్టి అడగాలి.

నా మనవి ఇది. ఒకే పెద్ద గది వద్దు, నాలుగు గదులు చేద్దాం. మొదటిది ఆఫీసు గది: మినిట్స్, లెక్కలు, రిజిస్ట్రారుకు పంపే కాగితాలు. మెంబర్లందరూ చూడొచ్చు, దిద్దేది కార్యవర్గం మాత్రమే. రెండోది పెళ్ళి సంబంధాల గది: జాతకాలు, ఫోను నంబర్లు, ఆడపిల్లల ఫొటోలు. ఆ కమిటీ ముగ్గురికి తప్ప ఇంకెవరికీ తెరుచుకోకూడదు. మూడోది స్కాలర్‌షిప్ గది: పిల్లల మార్కులు, తల్లిదండ్రుల ఆదాయం పత్రాలు. ఒక ఇంటి లేమి ఇంకో ఇంటికి తెలియనక్కరలేదు. నాలుగోది చరిత్ర గది: పాత ఫొటోలు, పెళ్ళిపత్రికలు, మన పెద్దలు ఏ ఊరి నుంచి ఎట్లా వచ్చారన్న కథలు. ఇది అందరికీ తెరిచి ఉండాలి, ఎవరైనా తెచ్చి వెయ్యొచ్చు, చెరిపే హక్కు మాత్రం ఇద్దరికే.

నాలుగు గదులకూ ఇద్దరు నిర్వాహకులు, వేరువేరు ఇళ్ళవాళ్ళు. కార్యవర్గం మారిన రోజే పాతవాళ్ళ పేర్లు తీసి, కొత్తవాళ్ళ పేర్లు చేర్చి, మినిట్స్‌లో సంతకం. ఏడాదికి ఒకసారి అంతా హార్డ్ డిస్కులోకి ఒక నకలు తీసి బీరువాలో పెట్టాలి. బ్రౌన్ చూపించిన దారి అదే. ఒరిజినల్ కాగితాలు మాత్రం ఒక్కటీ పారెయ్యొద్దు.

ఇంకొక్క మాట. చరిత్ర గదిలో ప్రతి ఫొటో కింద రెండు వరుసలు రాయాలి: ఇందులో ఎవరు, దీన్ని తెచ్చింది ఎవరు. లక్ష్మయ్యకు జరిగింది మన సంఘంలో ఎవరికీ జరగకూడదు. మన తాతలు నాయకుల కాలంలో వచ్చారో, తర్వాత వచ్చారో, ఏ దారిన వచ్చారో చెప్పగలిగిన ముసలివాళ్ళు ఇంకా కొంతమంది మన మధ్య ఉన్నారు. వాళ్ళు తమిళంలో చెప్పినా సరే, మన ఇంటి తెలుగులో చెప్పినా సరే, రికార్డు చెయ్యండి. తీర్మానం ఎట్లా పోయినా సరే, మీ ఇంట్లో ఉన్న సంఘం కాగితాలు ఏమేమి ఉన్నాయో ఒక తెల్లకాగితం మీద జాబితా రాసి సమావేశానికి తీసుకురండి. ఏది ఎక్కడుందో ముందు తెలిస్తే, బీగాలు తర్వాత వేసుకోవచ్చు.