ఖాళీ కుర్చీల చరిత్ర: అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి... ఏ వీధిలోకి తిరిగినా ఒక కోవర్కింగ్ స్పేస్ బోర్డు కనిపిస్తుంది. లోపల దొరికేది దాదాపు ఒకటే: కుర్చీ, బల్ల, వైఫై, ఏసీ, కాఫీ మెషీను. కొత్తగా పెట్టేవాళ్లకి నిద్రపట్టనివ్వని ప్రశ్న కూడా ఒకటే. పదకొండోవాడు అక్కడున్న పదిమందిని చూసి వస్తాడు, సరే. మొదటివాడు ఎవర్ని చూసి రావాలి?

ఈ చిక్కు కోవర్కింగ్‌తో పాటే పుట్టింది. 2005 ఆగస్టులో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ‘స్పైరల్ మ్యూజ్’ అనే ఇంట్లో వారానికి రెండు రోజులు జాగా అద్దెకు తీసుకున్నాడు. బల్లలు వేసుకుని, కోవర్కింగ్ అని పేరు పెట్టి కూర్చున్నాడు. మొదటి నెల ఒక్కరు కూడా రాలేదు. తనే బయటికి వెళ్లి మనుషుల్ని కలిసి చెప్పుకుంటే తప్ప కుర్చీలు నిండలేదు.

ఆ పేరు పుట్టకముందే హైదరాబాద్‌కి ఈ ప్రశ్న ఎదురైంది. 1991లో కేంద్ర ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను, అంటే ఎస్టీపీఐని ఏర్పాటు చేసింది. హైదరాబాద్‌లో దాని ఆఫీసు అమీర్‌పేట మైత్రీవనంలో ఉండేది. చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు దాన్ని వెతుక్కుంటూ వెళ్లింది ఫర్నిచర్ కోసం కాదు. ఇక్కడ రాసిన ప్రోగ్రాం అమెరికా చేరాలంటే శాటిలైట్ లింకు కావాలి. ఆ రోజుల్లో 64 కేబీపీఎస్ లైనంటేనే గొప్ప. పదిమంది పనిచేసే కంపెనీ సొంతంగా పెట్టుకోగలిగింది కాదది. పైగా ఎగుమతులకు పన్ను రాయితీలూ, సుంకం లేకుండా కంప్యూటర్లు తెచ్చుకునే వీలూ ఎస్టీపీఐలో నమోదైతేనే. ఒంటరిగా సంపాదించుకోలేనిది పంచుకుంటే దొరుకుతుంది కాబట్టి వచ్చారు.

తర్వాత సైబర్ టవర్స్. ఏపీఐఐసీ, ఎల్ అండ్ టీ కలిసి కట్టిన ఈ పదంతస్తుల భవనాన్ని 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. భవనాన్ని నాలుగు క్వాడ్రంట్లుగా విభజించారు కాబట్టి లోపలి ఆఫీసుల అడ్రసులు ‘6క్యూ3’ లాగా లెక్కల పుస్తకంలోంచి వచ్చినట్టు ఉండేవి. అప్పటి మాదాపూర్ అంటే రాళ్లూ గుట్టలూ. ఊరవతల అంత పెద్ద భవనంలోకి ఎవరొస్తారు? ప్రభుత్వం ముందు ఒక పెద్ద పేరును పట్టుకోవాలనుకుంది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 1997లో ఢిల్లీలో బిల్ గేట్స్‌ని కలిశారు. 1998లో మైక్రోసాఫ్ట్ తన డెవలప్‌మెంట్ సెంటర్‌కి హైదరాబాద్‌ని ఎంచుకుంది. ఆ పేరు విన్నాక మిగతావాళ్లకి మాదాపూర్ అంత దూరం అనిపించలేదు. ఇవాళ కోవర్కింగ్ వాళ్లు ముందుగా ఒక పేరున్న కంపెనీకి ఒక అంతస్తు ఇచ్చేసి, ఆ లోగో చూపించి మిగతా సీట్లు అమ్ముకుంటారే, అదే సూత్రం.

అయితే ఇవన్నీ కంపెనీలకు. చేతిలో ఒక లాప్‌టాప్, బుర్రలో ఒక ఆలోచన తప్ప ఏమీ లేని మనిషికి చాలాకాలం చోటు లేదు. హాస్టల్ గదిలో ముగ్గురు, కేఫ్‌లో కప్పు ఖాళీ అయితే లేవాలి. 2010లో బంజారాహిల్స్‌లో ఒక పాత ఇంట్లో లామకాన్ తెరిచారు. నాటకాలు, సంగీతం, చర్చల కోసం పెట్టిన జాగా అది. కానీ చవకగా చాయ్, సమోసా దొరికి, ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనకపోతే లాప్‌టాప్‌లు తెరుచుకోకుండా ఉంటాయా? మెంబర్‌షిప్ అన్న మాటే లేనిచోటికి జనం తమంతట తామే వచ్చారు.

టీ-హబ్ అప్పటికి ఇంకా ఐదేళ్ల దూరంలో ఉంది. 2015 నవంబర్ 5న గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో, 70 వేల చదరపు అడుగుల ‘కెటలిస్ట్’ భవనంలో రతన్ టాటా దాన్ని ప్రారంభించారు. ట్రిపుల్ ఐటీ, ఐఎస్‌బీ, నల్సార్‌లు ప్రభుత్వంతో చేయి కలిపాయి. అంటే ప్రోగ్రాం రాసేవాడికి వ్యాపారం తెలిసినవాళ్లూ, చట్టం తెలిసినవాళ్లూ అందుబాటులో ఉంటారన్న ఆశ. సీటు కంటే ఆ ఆశే ఎక్కువమందిని లాగింది. 2022 జూన్ 28న రాయదుర్గంలో రెండో టీ-హబ్ వచ్చింది. అది సుమారు 5.8 లక్షల చదరపు అడుగులు.

ఈలోపు ప్రైవేటు వాళ్లు దిగారు. 2010లో న్యూయార్క్‌లో మొదలైన వీవర్క్ 2017లో ఎంబసీ గ్రూప్‌తో కలిసి బెంగళూరుకి వచ్చింది, తర్వాత హైదరాబాద్‌కీ వచ్చింది. అమెరికాలోని మాతృసంస్థ 2023 నవంబర్‌లో దివాలా రక్షణ కోరింది. కోవిడ్ తర్వాత ఇక్కడి స్పేస్‌ల రూపం కూడా మారింది. వందల సీట్లు ఒకేసారి తీసుకునే పెద్ద కంపెనీ దొరుకుతుంటే, నెలకి ఒక్క కుర్చీ అడిగే ఫ్రీలాన్సర్ కోసం ఎవరు వెతుకుతారు? వ్యాపారంగా అది అర్థమయ్యే విషయమే. ఏ మనిషి కోసం న్యూబర్గ్ ఆ బల్లలు వేశాడో, ఆ మనిషే ఇప్పుడు వాళ్ల లెక్కలో చిల్లర ఖాతా.

2019లో మెట్రో అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా వచ్చింది. మైత్రీవనం దగ్గర ఎక్కి చివరి స్టేషన్‌లో దిగితే, ఈ ముప్పయ్యేళ్ల కథ మొత్తం కిటికీలోంచి చూసేయొచ్చు. ప్రతి మజిలీలోనూ జనం వచ్చింది ఇంకోచోట దొరకనిది ఒకటి ఉంది కనుక. ఒకసారి శాటిలైట్ లింకు, ఒకసారి పేరున్న పొరుగువాడు, ఒకసారి లేవమనని బల్ల, ఒకసారి సలహా చెప్పే పెద్దమనిషి. ఇవాళ వైఫై మన జేబులోనే ఉంది. కొత్తగా స్పేస్ తెరుస్తున్నవాళ్లు మొదటి నెల ఫ్రీ అని పోస్టర్ వేసేముందు, తమ దగ్గర ఇంకెక్కడా దొరకనిది ఏముందో ఒక్క వాక్యంలో రాసి చూసుకోవాలి. ఆ వాక్యం రాకపోతే కుర్చీలు కొనడం కొన్నాళ్లు ఆపొచ్చు.