కట్టెల పొయ్యి నాటి తొందర కూరలు

తొందరగా అయ్యే కూరలు ఉద్యోగాల కాలంలోనే పుట్టాయంటే నేనొప్పుకోను. తెల్లారేసరికి పొలానికి పోవలసిన ఆడవాళ్లకు తీరికెక్కడిది? మా నాయనమ్మ అన్నం వార్చగానే నిప్పులు పక్కకు లాగి, నూనె రాసిన వంకాయ వాటిమీద పెట్టేది. తొక్క నల్లబడి పగిలేలోపు రోట్లో పచ్చిమిర్చి, ఉప్పు, చింతపండు నలిగిపోయేవి. తొక్క ఒలిచి, కాయ చిదిమి అందులో కలిపి, పైన పచ్చి ఉల్లిపాయ ముక్కలు చల్లితే పచ్చడి సిద్ధం.

ఇలాంటి తొందర కూరల్లో పడే వంకాయ, దొండకాయ మన నేలకు పాతకాపులే. మిరప, టమాటా, బంగాళాదుంప మాత్రం అమెరికా ఖండాల నుంచి వచ్చాయి. 1498లో వాస్కో డ గామా కాలికట్ తీరం చేరాక, పోర్చుగీసు ఓడల రాకపోకలతో మిరప మన దేశానికి అందింది. అంతకుముందు వంటకు ఘాటు ఇచ్చింది మిరియాలు, పిప్పళ్లు, అల్లమే. అలా వచ్చిన మిరపకే ఇప్పుడు గుంటూరు పెట్టింది పేరు!

తర్వాత మారింది పొయ్యి. ఊదుగొట్టం పోయి కిరసనాయిలు స్టవ్వు, ఆపైన ప్రెషర్ కుక్కరు, గ్యాసు వచ్చాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకంతో పేద ఆడవాళ్లకూ గ్యాసు కనెక్షన్లు దక్కాయి. పొగ తగ్గింది, వంట తేలికైంది.

అయినా తొందర కూరకు పాత సూత్రమే మేలు. లేత బీరకాయ ముక్కలు పోపులో వేసి, ఉప్పు చల్లి మూత పెట్టండి. నీళ్లు పోయకండి, ఊరిన నీరే చాలు.