లైసెన్సు ఉన్నచోటే బోర్డు

గోదావరి జిల్లాల్లో నిప్పు గురించి హెచ్చరించే బోర్డుకు చరిత్ర రాయాలంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర కాదు, సినిమా హాలు తలుపు దగ్గర మొదలుపెట్టాలి. 1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టిన నాటికి థియేటర్లలో ఆడే 35 ఎం.ఎం. రీళ్లన్నీ నైట్రేట్ ఫిల్మే. ఒకసారి అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరని సరుకది. 1897లో పారిస్‌లో ప్రొజెక్టరు దీపం నుంచి రేగిన మంటకు 120 మందికి పైగా బలయ్యారు. 1909లో బ్రిటన్ సినిమా హాళ్లకు చట్టం చేసింది, 1918లో మన దేశానికీ సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చింది. ఆ చట్టం పేరెత్తితే అందరికీ సెన్సారే గుర్తొస్తుంది గానీ, ప్రేక్షకుల భద్రతకు ఏర్పాట్లు ఉంటేనే హాలుకు లైసెన్సు ఇవ్వాలన్న షరతు కూడా అందులోదే.

ఆ షరతు వల్లే ప్రొజెక్టరు గదికి విడిగా గోడలు, కిటికీ కంతలకు ఇనుప మూతలు, తలుపుల మీద దారి చూపే దీపాల బోర్డులు వచ్చాయి. గోడకు వరసగా ఇసుక, నీళ్లు నింపిన ఎర్ర బకెట్లు వేలాడేవి. వాటి అడుగు గుండ్రంగా ఉంటుంది. కింద పెడితే నిలవదు కాబట్టి ఏ కుర్రాడూ వాటిని నేల కడగడానికి పట్టుకుపోడు. ఎవరో బాగా ఆలోచించే చేశారు! అయినా, నా ఉద్దేశంలో ఈ బోర్డులూ బకెట్లూ ముందుగా మాట్లాడింది ప్రేక్షకుడితో కాదు, తనిఖీకి వచ్చే అధికారితో. 1951 నాటికి కొడాక్ నైట్రేట్ ఫిల్ము తయారీ మానేసింది. బోర్డులు మాత్రం పోలేదు. 1955లో ఆంధ్ర రాష్ట్రం సొంత సినిమా చట్టం చేసుకుంది, 1970లో నియమాలు వచ్చాయి, లైసెన్సుతో పాటు బోర్డులూ నిలిచాయి.

ఎవరి కోసం పెడితేనేం, ప్రాణం కాపాడిందా లేదా అన్నదే కదా చూడాలి, అనొచ్చు. నిజమే. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటరులో 59 మంది చనిపోయారంటే, బాల్కనీలో ఒక దారిని అదనపు సీట్లు మూసేయడం, పొగలో దారి చూపే దీపాలు లేకపోవడం అందుకు పెద్ద కారణాలు. చదువురాని జనానికి బోర్డులెందుకన్న వాదన కూడా ఇక్కడ నిలవదు. చీకట్లో తలుపు మీద వెలిగే దీపానికి అక్షరజ్ఞానంతో పనిలేదు. కాబట్టి లైసెన్సు పుట్టించిన బోర్డు పనికిరానిదని నేననడం లేదు. అది లైసెన్సు పొలిమేర దాటదంటున్నాను. వేసవిలో తాటాకు ఇళ్ల వాడలు వరసగా తగలబడే ప్రాంతమిది. ఆ వాడల్లో ఎవరు ఎర్ర బకెట్ కట్టించారు?

ఈ జిల్లాల్లో గ్యాసు బావులు, పైపులైన్లు వచ్చాక, లైసెన్సు ఉన్నచోటికీ లేనిచోటికీ మధ్య ఈ తేడా ప్రాణాంతకమైంది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి నుంచి ఎగదన్నిన గ్యాసు మండి, ఆర్పడానికి 65 రోజులు పట్టింది. ఆకాశానికి లేచిన ఆ మంటకు హెచ్చరిక బోర్డు అక్కర్లేదు, ఊళ్లన్నిటికీ కనిపించింది. కనిపించని గ్యాసు సంగతి వేరు. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను లీకై గ్యాసు పేరుకుంది. టీ దుకాణంలో పొయ్యి వెలిగించడంతో అంటుకుందని అప్పటి వార్తలు చెప్పాయి. 20 మందికి పైగా పోయారు. 1962 నాటి పైపులైన్ల చట్టం ప్రకారం కంపెనీకి దక్కేది నేల కింద గొట్టం వేసుకునే హక్కే. భూమి రైతుదే. కాకపోతే గొట్టం మీద ఇల్లు కట్టకూడదు, చెట్టు నాటకూడదు. అంటే కొబ్బరితోటల మధ్య నేల కింద మైళ్ల పొడవునా సాగే ఈ వ్యాపార స్థలానికి గేటు లేదు, తలుపు లేదు. హాలుకు పట్టే నియమం ఇక్కడ ఏ గుమ్మానికి బోర్డు తగిలిస్తుంది?

తుప్పు పట్టిన గొట్టాన్ని బోర్డు బాగుచేస్తుందా అని ఇంజినీరు అడగొచ్చు. చేయదు, మరమ్మతు కంపెనీ బాధ్యతే. అయితే గ్యాసు లీకవడానికీ మంట రేగడానికీ మధ్య ఎంతోకొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో పొయ్యి ముట్టించకూడదనీ, ఫలానా నంబరుకు ఫోన్ చేయాలనీ తెలియాల్సింది కంట్రోల్ రూములో కూర్చున్నవాడికి కాదు. పొద్దున్నే అగ్గిపుల్ల గీసే టీ కొట్టువాడికి. అతని కొట్టు ఏ అగ్నిమాపక లైసెన్సు చిట్టాలోనూ ఉండదు.