పేరు పట్టి వెతకడం, నేల పట్టి వెతకడం

అమలాపురంలోనో రాజోలులోనో కొబ్బరితోట బేరం కుదిరితే, బయానా చేతులు మారేలోపు వినిపించే మాట ఒకటే: ఈసీ తీశారా? ఆ భూమి మీద ఇదివరకు రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు, భాగపరిష్కారాలు వరసగా చూపే కాగితం అది. ఇప్పుడు కంప్యూటర్లో నిమిషాల్లో వస్తోంది. వెబ్‌సైట్లు కట్టేవాళ్లు సెర్చ్, ఫిల్టర్, సార్ట్ అని పిలుచుకునే పనులను కోనసీమ కరణాలు, రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తాలు అంతకు ఎన్నో ఏళ్ల ముందే కలంతో చేసిపెట్టారు.

ఇంకా వెనక్కి వెళితే ఊరి లెక్కలు కవిలెల్లో, అంటే తాటాకు కట్టల్లో ఉండేవి. సర్వేయర్ కల్నల్ మెకంజీ కోసం సేకరించిన కైఫియత్తుల్లో, అంటే గ్రామ చరిత్రల్లో, చాలావాటికి ఈ కవిలెలే ఆధారం. అయితే ఏ ఆకులో ఏముందో కరణానికే ఎరుక. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి డెల్టాకు నీళ్లు పారాక భూమి విలువే మారిపోయింది. సర్కారు సర్వే వచ్చి ఊరి భూమిని చెక్కలుగా కొలిచింది, ఒక్కో చెక్కకు ఒక నంబరు వేసింది. వెతుకులాటకు గట్టి పునాది పడింది అప్పుడే.

మద్రాసు ప్రెసిడెన్సీ గ్రామ లెక్కల్లో రెండో నంబరు అడంగల్, పదో నంబరు చిట్టా. అడంగల్ సర్వే నంబర్ల వరసలో నడుస్తుంది: ఈ చెక్క ఎవరి అనుభవంలో ఉంది, ఏ పంట వేశారు అన్నది చెబుతుంది. చిట్టా మనుషుల వరసలో నడుస్తుంది: ఫలానా రైతుకు ఊళ్లో ఎక్కడెక్కడ ఎంత భూమి ఉందో ఒక్కచోట చూపుతుంది. సమాచారం దాదాపు ఒకటే, అమరిక వేరు. ఒక్క అడంగలే ఉంటే, ఒక రైతు మొత్తం శిస్తు తేల్చడానికి పుస్తకమంతా తిరగేయాలి. రెండో పుస్తకం రాసే శ్రమను కరణం ముందే పడ్డాడు కాబట్టి ఆ తిప్పలు తప్పాయి. ఈనాటి డేటాబేసులో ఇండెక్సు చేసే పని కూడా ఇదే.

రిజిస్ట్రేషన్ ఆఫీసుదీ అదే బాట. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఒకటో ఇండెక్సులో రాసిచ్చినవారి పేర్లు, రాయించుకున్నవారి పేర్లు ఉండాలి. రెండో ఇండెక్సులో ఆస్తి వివరాలు ఉండాలి. రుసుము కడితే ఎవరైనా వాటిని చూడవచ్చని 57వ సెక్షన్ చెబుతుంది. వెతికే హక్కును జనం చేతిలో పెట్టిన ఆ సెక్షన్‌కు దక్కాల్సినంత పేరు దక్కలేదు. కంప్యూటర్లు రాకముందు పదమూడేళ్ల ఈసీ అడిగితే గుమాస్తా ఆ పదమూడేళ్ల ఇండెక్సులూ దించి, ఊరి పేరు పట్టుకుని, సర్వే నంబరు మీద వేలు జరుపుకుంటూ పోవాల్సి వచ్చేది. నంబరు కలిసినా పని అయిపోయేది కాదు. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు చదివి అదే చెక్కో కాదో తేల్చుకోవాల్సి వచ్చేది. కొన్నిసార్లు రోజులు పట్టేది.

1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. వంశపారంపర్య పెత్తనం పోవడం న్యాయమే. దాంతోపాటు ఏ కాగితం ఏ కట్టలో ఉందో తెలిసిన జ్ఞాపకం కూడా చాలా ఊళ్లలో చెదిరిపోయింది. 1998 నవంబరులో 'కార్డ్' పథకం కింద సబ్ రిజిస్ట్రారు ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. పాత లావాదేవీలను 1983 నుంచి కంప్యూటర్లోకి ఎక్కించారు.

2015లో భూరికార్డుల కోసం వచ్చిన మీభూమి పోర్టల్ జిల్లా, మండలం, గ్రామం ఎంచుకున్నాకే సర్వే నంబరు అడుగుతుంది. ఇది సర్కారీ ఆర్భాటం కాదు. 112 అనే నంబరు చాలా ఊళ్లలో ఉంటుంది, ఊరు తెలియనిదే ఆ నంబరుకు అర్థం లేదు. సబ్‌డివిజన్లతో ఇంకో చిక్కు. 45/2, 45/10 కంప్యూటరుకు ఉత్త అక్షరాలు. వాటిని అలాగే సార్ట్ చేస్తే 45/10 ముందొచ్చి కూర్చుంటుంది. గీతకు అటూ ఇటూ ఉన్నవి విడదీసి, అంకెలను అంకెలుగా పోల్చమని ప్రోగ్రాము రాసేవారు చెప్పాలి.

పేరుతో వెతకడం మరీ కష్టం. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి పేరు పెట్టుకున్న నరసింహమూర్తులు రాజోలు వైపు ఎందరో! అందుకే రికార్డులో తండ్రి పేరో భర్త పేరో పక్కనే ఉంటుంది. ఇక వెంకటేశ్వరరావు, వేంకటేశ్వరరావు, వెంకటేశ్వర్రావు ఒక్క మనిషేనని యంత్రానికి ఎవరు చెప్పాలి? ఇలాంటి చిక్కుకే అమెరికాలో రాబర్ట్ రస్సెల్ 1918లో సౌండెక్స్ పద్ధతికి పేటెంటు పొందాడు. దగ్గరగా పలికే హల్లులకు ఒకే అంకె ఇవ్వడం అందులో కిటుకు. అది ఇంగ్లీషు పేర్ల కోసం పుట్టింది. మన దీర్ఘాలకు, ఒత్తులకు వేరే సూత్రాలు రాసుకోవాల్సిందే. కువైట్ నుంచో మస్కట్ నుంచో సొంత ఊరి 1బి (భూహక్కుల రికార్డు) చూసుకునే వలస కూలీకి పేరు సరిగా దొరకడం చిన్న విషయం కాదు.

జిల్లా, మండలం అనే ఫిల్టర్లూ స్థిరంగా లేవు. 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాకు 1925లో తూర్పుగోదావరి అని పేరు మారింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ ప్రత్యేక జిల్లా అయింది. తాత దస్తావేజులో తూర్పుగోదావరి జిల్లా అని ఉన్న కొత్తపేట భూమిని మనవడు ఇప్పుడు ఆ జిల్లా పేరు కింద వెతికితే ఏమీ రాదు. ఇన్ని మార్పుల్లోనూ నిలిచింది ఊరి పేరు, సర్వే నంబరు.

2020 డిసెంబరులో మొదలైన రీసర్వే ఆ నంబరునూ కదిపింది. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వస్తోంది. ఇంట్లో ఉన్న దస్తావేజులన్నీ పాత నంబరుతోనే మాట్లాడతాయి కాబట్టి, పాత నంబరు కొడితే కొత్తది చూపే పట్టిక ప్రతి సెర్చ్ పేజీలోనూ ఉండి తీరాలి. ఇక 1983కు ముందు జరిగిన క్రయవిక్రయాలు కంప్యూటర్ ఈసీలో రావు. వాటి కోసం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెట్టి, చేతిరాత ఇండెక్సులు తిరగేయించుకోవాలి.