తల్లిపాలకు చాటు ఎప్పుడు వచ్చింది?

కిందటేడు బి.ఎ. తరగతిలో పోతన దశమస్కంధం చెబుతున్నాను. యశోద కవ్వం ఆపి బిడ్డకు చన్ను కుడిపే ఘట్టం. వెనక బల్లలమీద ఎవరో కిసుక్కున నవ్వారు. దాచడమెందుకు, ఆ పద్యానికి అర్థం చెప్పడంలో నేనూ తొందరపడ్డాను. "పాలిచ్చింది" అనేసి, పొయ్యిమీద పాలు పొంగిన సంగతికి దాటిపోయాను. అయిదువందల ఏళ్ళ కిందటి భక్తకవికి రాని సిగ్గు తెలుగు ఎం.ఎ. చదివిన నాకెక్కడినుంచి వచ్చింది?

నలుగురిలో బిడ్డకు పాలివ్వడం మన సంప్రదాయం కాదని కొందరు పెద్దలు సెలవిస్తుంటారు. ఎవరి సంప్రదాయం? నాట్లు వేసే తల్లి చెట్టుకొమ్మకు పాతచీరతో ఉయ్యాల కట్టి, బిడ్డ ఏడిస్తే బురదకాళ్ళతో గట్టెక్కి అక్కడే పాలిచ్చింది. ఆమెకు చాటెక్కడిది? చాటు అనేది ఇంటికి లోపలి గది ఉన్నవాళ్ళ మాట. ఘోషా పాటించే స్తోమతు ఉన్న కుటుంబాల అలవాటును, ఇంగ్లీషు చదువులతో వచ్చిన కొత్త మర్యాదను కలిపి మన మధ్యతరగతి దానికి "సంప్రదాయం" అని పేరుపెట్టుకుంది.

సిగ్గు కూడా ఒకప్పుడు పైకులాల ఆస్తే. 19వ శతాబ్దంలో తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు రొమ్ముపై గుడ్డ కప్పుకోవడానికి పోరాడవలసివచ్చింది. అక్కడ కప్పుకోవడమే అపరాధం. 1859 నాటి రాజప్రకటన వాళ్ళను రవిక తొడుక్కోనిచ్చింది గాని, పైకులపు స్త్రీలలాగా మాత్రం కట్టుకోకూడదంది! ఆ సంస్థానంలో అధికభాగం కలిసిన కేరళలోనే, 2018లో ఒక మలయాళ స్త్రీల పత్రిక పాలిస్తున్న స్త్రీ బొమ్మను ముఖచిత్రంగా వేస్తే, అశ్లీలమని కోర్టుకెక్కారు. హైకోర్టు ఆ పిటిషన్ను కొట్టివేసింది, అది వేరు సంగతి.

ఇక తెలంగాణకు వద్దాం. నన్ను ఎక్కువగా కలచివేసేది ఇక్కడి కథ. వెట్టికి వచ్చిన పచ్చిబాలింత "ఇంటికాడ బిడ్డ ఏడుస్తది దొరా" అని సెలవడిగితే, నిజంగా బాలింతవేనా, పాలు పిండి చూపించమన్నారని పోరాటతరం చెప్పుకున్న జ్ఞాపకాలలో ఉంది. పిండిన పాలు చూశాకనే ఇంటికి పంపేవారట. గడీలో నలుగురి ముందు ఆ పని చేయించినవాడికి అశ్లీలం కనబడలేదు. అతని లెక్కంతా పొలంలో తరిగిపోయే గంట పనితోనే. రొమ్ము కనబడటం గురించి మనం చేసే చర్చలన్నీ ఆ గడీ ముందు ఎంత అల్పంగా తోస్తాయో చూడండి. ఆ తల్లికి కావలసింది తెర కాదు, సెలవు.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ తర్వాత రగిలిన పోరాటాన్ని మనం భూమి లెక్కల్లో, ధాన్యం లెక్కల్లో చెప్పుకుంటాం. అది అవసరమే. కాని వెట్టి పోవడమంటే బిడ్డకు పాలిచ్చే ఆ కాస్త పొద్దు తల్లికి దక్కడం కూడా. పోరాటంలో నిలిచిన స్త్రీల మాటలు వాళ్ళ నోటనే పుస్తకంగా రావడానికి, స్త్రీశక్తి సంఘటన 1986లో "మనకు తెలియని మన చరిత్ర" వేసేదాకా ఆగవలసివచ్చింది. ఈ ఆలస్యంలో మన విమర్శకుల వాటా తక్కువేమీ కాదు.

చట్టాలు రాలేదా? వచ్చాయి. 50 మందికి పైగా స్త్రీలు పనిచేసే చోట పిల్లల గది ఉండాలంది 1948 ఫ్యాక్టరీల చట్టం. 1976లో ఆ సంఖ్యను 30కి దించారు. 1961 ప్రసూతి సౌకర్యాల చట్టం బిడ్డకు 15 నెలలు నిండేదాకా రోజుకు 2 సార్లు పాలిచ్చే విరామం ఇచ్చింది. ఫ్యాక్టరీలో, గనిలో, తేయాకు తోటలో. వరిచేలో వంగిన కూలితల్లి ఆ చట్టం కంటికి ఆనలేదు. పట్నపు తల్లి బస్సులో నలుగురి చూపులకు జంకి సీసా పట్టింది. ఆ జంకును సొమ్ము చేసుకున్న డబ్బాపాల ప్రకటనలను 1992లో చట్టం చేసి నిషేధించవలసివచ్చింది.

ఈ ఏడు మళ్ళీ ఆ ఘట్టం వచ్చింది. ఈసారి పద్యం రెండుసార్లు చదివించి, మాట మాటకూ అర్థం చెప్పాను. నవ్వినవాళ్ళు నవ్వారు. తరగతి అయ్యాక ఒక అమ్మాయి వరండాలో ఆగి, వాళ్ళమ్మ కలుపుకి పోయినప్పుడు తమ్ముడికి పాలివ్వడానికి గట్టెక్కితే మేస్త్రీ కూలి కోసేవాడని చెప్పింది. ఎంత కోసేవాడని అడిగాను.

"పావుపూట, సార్."